పురుగులాయన వేసిన చిక్కుడు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. అందరికీ ఆయన పురుగులాయన. వంటింట్లో బొద్దింకలు పెరిగినా, తలుపు చట్రంలో చెదలు లేచినా, మంచంలో నల్లులు చేరినా, అటక మీద ఎలుకలు కాపురం పెట్టినా మొదట గుర్తొచ్చేది ఆయనే. వీపున మందు డబ్బా, చేతిలో పొడుగాటి గొట్టం, ముక్కుకి గుడ్డ. పురుగుల మందు కొట్టే కంపెనీలో చేరిన నాటి నుంచి ముప్పై ఏళ్లుగా అదే వేషం.

ఎవరింట్లోకి వెళ్లినా ఆయన ముందు మనుషుల్ని చూడడు. సింకు కింద తడి చూస్తాడు, ఫ్రిజ్ వెనక వెచ్చదనం చూస్తాడు, గోడకీ గడపకీ మధ్య పగులు చూస్తాడు. "బొద్దింకకి మీ ఇల్లు నచ్చలేదమ్మా, కారుతున్న మీ గొట్టం నచ్చింది. ముందు దాన్ని బాగుచేయించండి, నా మందు సగం మిగులుతుంది" అంటాడు. చీమల బారు కనిపిస్తే డబ్బా కింద పెట్టి, వాటి వెంట ఒంగి ఒంగి నడిచి, ఏ కన్నంలోంచి వస్తున్నాయో కనిపెట్టి గానీ పని మొదలుపెట్టడు. ఊళ్లో సగం ఇళ్ల మూలలు ఆయనకి కంఠతా వచ్చు.

అలాంటి మనిషికి సొంత ఇంట్లో ఒక చోటు మాత్రం తెలియదు. అది బాల్కనీ.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగది చివర నాలుగడుగుల బాల్కనీ. అందులో ఆయన భార్య కుండీలు. టమాటా, మిరప, పుదీనా, గచ్చు అంచున వంకాయ, అన్నిటికీ వెనక కమ్మీల నిండా అల్లుకుని చిక్కుడు పాదు. పెళ్లైన కొత్తలోనే ఆవిడ ఒక చట్టం చేసింది. పని నుంచి రాగానే ఆయన వాకిట్లోంచి నేరుగా స్నానాలగదిలోకి వెళ్లాలి. యూనిఫాం అక్కడే విప్పి బకెట్లో వేయాలి. సబ్బుతో మూడుసార్లు రుద్దుకున్నాక ఇంట్లో ఎక్కడైనా తిరగొచ్చు, బాల్కనీ గడప మాత్రం దాటకూడదు.

"ఇంత రుద్దుకున్నా ఇంకా నమ్మకం లేదా?" అని ఆయన గడప ఇవతల కుర్చీ వేసుకుని అడిగేవాడు.

"మీ చేతులు మంచివేనండీ. ఆ సంగతి మొక్కలకి తెలీదు కదా" అనేది ఆవిడ, చిక్కుడు తీగ మీద పేనుబంకని బొటనవేలితో నలుపుతూ.

"అలా ఒక్కోదాన్ని నలుపుతూ కూర్చుంటే తెల్లారుతుందే. ఒక్క చుక్క మందు ఇవ్వనీ. పావుగంటలో మొత్తం శుభ్రం."

"పావుగంటలో శుభ్రమైన చిక్కుళ్లు మీరే తిందురుగాని. నాకూ పిల్లకీ వద్దు."

ఆవిడ ఆయుధాలు వేరు. సబ్బునీళ్లు చిలకరించేది. పేనుబంకకి కాపలా కాసే చీమలు ఎక్కకుండా కుండీ కింద నీళ్ల పళ్లెం పెట్టేది. తెల్లపిండిలా పట్టే పురుగుని పాత టూత్‌బ్రష్‌తో దువ్వి పారేసేది. గొంగళిపురుగుని మాత్రం ఆకుతో సహా తుంచి, వీధి చివర గడ్డిలో వదిలి వచ్చేది. "చూడు, జీతానికి నేను చంపుతుంటే ఈవిడ దిగబెట్టి వస్తోంది" అని ఆయన పిల్లతో చెప్పి నవ్వేవాడు. నవ్వుతూనే కుర్చీలోంచి అన్నీ వినేవాడు. మొక్కలకి చెప్పినట్టు ఆవిడ గడపవతల నుంచి చెప్పేదంతా నిజానికి ఆయనకే చెప్పేది. కుండీకి అడుగున కన్నం లేకపోతే వేళ్లు కుళ్లిపోతాయి. నీళ్లు పోసేముందు మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా గుచ్చాలి. తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు. గింజలు అన్నీ ఒక్కసారే వేసెయ్యకూడదు, కొన్ని దాచాలి.

అన్నిటిలోకీ ఆవిడకి ప్రాణం చిక్కుడు. ఊదారంగు కాయ, లోపల నల్లటి గింజ, గింజ అంచున తెల్లటి గీత. అది ఎక్కడా కొన్నది కాదు. పెళ్లైన ఏడాది, ఇద్దరూ సాయంత్రం నడకకి వెళ్తుంటే ఎవరింటి గోడ మీదుగానో ఎండుకాయ ఒకటి వేలాడుతూ కనిపించింది. ఆవిడ ఆగిపోయింది. ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. ఆవిడ పుటుక్కున తుంచి కొంగులో దోపేసింది. మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టి నడిచారు. ఆ నాలుగు గింజలే ఇరవై ఎనిమిదేళ్లుగా, ఏటేటా ఎండి, డబ్బాలోకి చేరి, మళ్లీ మట్టిలోకి వెళ్తున్నాయి. "దొంగతనంలో మీకూ వాటా ఉంది. గడప దాటకపోయినా ఈ పాదు సగం మీదే" అనేది.

ఆవిడకి దగ్గు మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది గడిచేసరికి మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో ఫొటోలు తీసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు. డాక్టరు ఏవేవో అడిగి, చివర్లో, "ఇంట్లో ఎవరు ఏం పని చేస్తారు?" అన్నాడు. ఆయన చెప్పాడు.

"బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"ఈవిడే."

డాక్టరు కాగితం మీద రాసుకున్నాడు. దానివల్లే అని తేల్చి చెప్పలేమనీ, కాదనీ చెప్పలేమనీ అన్నాడు. ఆ గదిలో కూతురు కూడా ఉంది. అప్పటికి ఏడో నెల. తను రక్తం తీసే లేబొరేటరీలో పనిచేస్తుంది, డాక్టర్ల మాట తీరు తెలుసు. తండ్రి చేతుల వైపు ఒక్కసారి చూసి, కిటికీ వైపు తిరిగింది.

ఆఖరి ఏడాది కూడా ఆవిడ చిక్కుడు వేసింది. ఎండుకాయలు మంచం మీద కూర్చుని, కాయకీ కాయకీ మధ్య ఊపిరి తీసుకుంటూ ఒలిచింది. గింజలు డబ్బాలో పోసి మూత పెట్టింది. ఆ తర్వాత నెల తిరగకుండానే పోయింది.

అందరూ వెళ్లిపోయాక అమ్మాయి వంటింటి అలమర సర్దుతూ ఆ డబ్బా చేతిలోకి తీసుకుంది. కాసేపు ఊపి చప్పుడు విని, తిరిగి పెట్టేసింది.

"నాన్నా, వానలు మొదలవగానే అమ్మ చిక్కుడు వేస్తావా? నా ఇంట్లో ఇప్పుడు పసిపిల్లతో కుదరదు. నువ్వు పాదు పెంచితే, కొత్త గింజలు ఓ గుప్పెడు నాకివ్వు. వచ్చే ఏడు నుంచి నేనూ వేసుకుంటా."

"నేనా? నాకేం తెలుసమ్మా?"

"ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని విన్నావుగా."

పాప అమ్మాయి భుజం మీద నిద్రపోతోంది. ఆయన ఎత్తుకుందామని చేతులు చాపాడు. "ఇప్పుడే పడుకుంది నాన్నా, లేస్తుంది" అని అమ్మాయి పక్కకి తిరిగింది. అంతకుముందు రెండుసార్లూ అదే మాట. పాపకి ఆరు నెలలు నిండినా తాత చేతికి రాలేదు. అమ్మాయి ఏ రోజూ పల్లెత్తు మాట అనలేదు. అనివుంటే బాగుండేది.

అందుకే ఆ డబ్బా ఆయనకి విత్తనాల డబ్బా మాత్రమే కాలేదు. చంపడం తప్ప చేతకాని చేతులని కూతురు అనుకుంటున్న చేతులతో ఒక్క పాదు బతికించి చూపించాలి.

తొలకరికి ఇంకా రెండు వారాలుందనగా డబ్బా తెరిచాడు. మూత వెనక బూడిదరంగు పిండి. గింజల మీద నువ్వుగింజంత పురుగులు తాపీగా నడుస్తున్నాయి. ఏటా నిగనిగలాడే గింజలు ఈసారి దుమ్ము పట్టినట్టున్నాయి. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం మీద పోసి ఏరాడు. గుండ్రటి కన్నాలు పడ్డవి ముప్పై ఒకటి. బాగున్నవి నలభై మూడు. పురుగు పట్టిన సరుకుని మూటగట్టి ముందు ఇంట్లోంచి పంపెయ్యాలన్నది ఆయన ఉద్యోగంలో మొదటి పాఠం. కన్నాలు పడ్డవాటిని కవర్లో బిగించి కట్టి, పొద్దున్నే చెత్తబండిలో తన చేత్తోనే వేసి వచ్చాడు.

మిగిలిన నలభై మూడులో కంటికి కనపడని గుడ్లుంటాయని ఆయనకి తెలుసు. పనిసంచిలో చిన్న సీసా ఉంది. అరచుక్క చాలు. చెయ్యి సంచి దాకా వెళ్లి ఆగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు ఆవిడ గడప దాటనివ్వని మందుని, ఆవిడ లేదు కదా అని ఆవిడ గింజల మీదే వేస్తాడా?

మందు లేని దారి ఒకటి ఆయనకి తెలుసు. పసిపిల్లలున్న ఇళ్ల కోసం కంపెనీ ఒక వేడిపెట్టె కొన్నది. నల్లులు పట్టిన దిండ్లూ దుప్పట్లూ అందులో పెట్టి మూస్తే, లోపల పొయ్యిలాంటి గాలి తిరుగుతుంది. పురుగూ గుడ్డూ ఏదీ మిగలదు, మందు బొట్టు తగలదు. ఆయన డబ్బా తీసుకెళ్లి, గాలి వచ్చే మూతికి దగ్గరగా పెట్టి, ఒక్క గుడ్డు కూడా మిగలకూడదని మీట చివరిదాకా తిప్పి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచాడు. ఒక్క చుక్క మందు వాడలేదు. ఆ సంగతి అమ్మాయికి చెప్పాలని మనసులో రెండుసార్లు అనుకున్నాడు.

ఇంటికొస్తుంటే కింది వాటాలో టైలరు మెషిన్ మీంచి తలెత్తాడు. ఇద్దరూ చుట్టాలేమీ కారు. పాతికేళ్లుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతూ బావా అంటే బావా అనుకుంటారు.

"ఏం బావా, ఇవాళ ఏదో వేయించుకొస్తున్నావు? కమ్మటి వాసన!"

"నేనా? వేయించడమా? అన్నమే మాడుస్తున్నాను."

"డబ్బాలో ఏముంది? వేరుశెనక్కాయలా? దాచకు, రెండు పెట్టు."

"నీ ముక్కుకి ఎప్పుడూ తిండి వాసనే" అని ఆయన నవ్వుకుంటూ మెట్లెక్కాడు. మందుల మధ్య తిరిగి తిరిగి ఆయన ముక్కు పదేళ్ల కిందటే పనిచేయడం మానేసింది. గింజలు పుట్టుకతోనే నల్లవి. రంగు చూసి తెలుసుకునే వీలూ లేదు.

వానలు పడ్డాయి. సెలవురోజు మూడుసార్లు రుద్దుకుని స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, బాల్కనీ గడప ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. దాటాక తెలిసింది, అక్కడ ఆవిడ కూర్చునే చిన్న పీట ఉందని. కుర్చీలోంచి అది ఎప్పుడూ కనపడలేదు.

విన్నదంతా వరసగా చేశాడు. కుండీల అడుగున కన్నాలు పుల్లతో పొడిచి చూశాడు, వాటి మీద పెంకుముక్క బోర్లించాడు, పాతమట్టిని గుల్లచేసి ఎరువు కలిపాడు. నాలుగు కుండీల్లో ఐదేసి చొప్పున ఇరవై గింజలు, వేలి కణుపంత లోతున పెట్టాడు. మిగతా ఇరవై మూడూ దాచాడు. రోజూ వేలు గుచ్చి చూసి నీళ్లు పోశాడు.

ఐదు రోజులైంది. ఎనిమిదైంది.

"మొలిచాయా నాన్నా?" అని ఫోన్లో అమ్మాయి.

"ఇంకా లేదమ్మా. మబ్బుగా ఉంది కదా."

పదో రోజు మళ్లీ అడిగింది. ఆ గొంతులో ఏదో ఉంది. అడగడానికి భయపడుతున్నట్టు ఉంది. ఆయన నోట్లోంచి, "మొలిచాయమ్మా" అని వచ్చేసింది.

"నిజంగా? ఎన్ని?"

"ఆరో ఏడో. రెండేసి ఆకులు."

అమ్మాయి నవ్వింది. వాళ్లమ్మ పోయాక ఆ నవ్వు ఆయన వినడం అదే మొదలు. ఇక ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆయన వల్ల కాలేదు. ఫోన్ పెట్టేసి మరో పది గింజలు గుచ్చాడు. అవీ రాలేదు. పదిహేనో రోజు తీగ సాగిందన్నాడు. ఇరవయ్యో రోజు పాకడానికి తాళ్లు కట్టానన్నాడు. ఆ ఒక్కటైనా నిజం చేద్దామని కుండీల నుంచి కమ్మీల దాకా పురికొసలు లాగి కట్టాడు.

టైలరు కొలతల టేపు మెడలో వేసుకుని పైకొచ్చి చూశాడు.

"ఇదేంటి బావా? మొక్క లేకుండా తాళ్లా? కొలతలు తీయకుండా గుండీలు కుట్టినట్టుంది."

"వస్తాయిలే."

"ఇన్నాళ్లకా? నా మాట విని నర్సరీకెళ్లి నాలుగు మొలకలు తెచ్చి పాతెయ్. చిక్కుడు చిక్కుడే. చూసేవాళ్లకేం తెలుస్తుంది?"

ఆయన నిజంగానే వెళ్లాడు. నాలుగు మొలకలు కొనుక్కుని, పళ్లెంలో పెట్టుకుని, మెట్ల దాకా వచ్చాడు. లేత ఆకులు, మంచి మొలకలే. కాయ ఆకుపచ్చ, గింజ తెలుపు అని అమ్మినవాడే చెప్పాడు. గింజ చేతిలో పడ్డ రోజున అమ్మాయికి తెలుస్తుంది. తెలియకపోయినా సరే. ఎవరి గోడ మీదో తుంచి కొంగులో దాచిన చెయ్యి ఆయనకి గుర్తొచ్చింది. మొలకల పళ్లెం టైలరు గుమ్మంలో పెట్టి, ఒట్టి చేతులతో పైకెక్కాడు.

ఇరవై రెండో రోజు ఆదివారం. చెప్పాపెట్టకుండా అమ్మాయి వచ్చింది, చంకలో పాపతో.

"పాదు చూద్దామని వచ్చా. పాపకీ చూపిస్తా" అంటూ చెప్పులు విడిచి తిన్నగా బాల్కనీలోకి వెళ్లింది. ఆయన వెనకే వెళ్లి గడప దగ్గర ఆగాడు. నాలుగు కుండీలు, తడిమట్టి, బిగించి కట్టిన తాళ్లు. తాళ్ల మీద ఏమీ లేదు.

అమ్మాయి వెనక్కి తిరగలేదు. "నాన్నా, మొక్కలేవి?"

"లేవమ్మా."

"చచ్చిపోయాయా?"

"రానేలేదు. నీకు అబద్ధం చెప్పాను."

అమ్మాయి గబగబా పీట లాక్కుని కూర్చుంది. మట్టిలో రెండు చేతులూ పెట్టడానికి చంకలో పాప అడ్డమైంది. తలెత్తకుండా, "పట్టుకో" అని పాపని వెనక్కి అందించింది.

ఆయన కదల్లేదు. "స్నానం చేశానమ్మా. పొద్దున్నే."

"అడిగానా? పట్టుకో నాన్నా, జారుతోంది."

పట్టుకున్నాడు. పాప ఆయన చొక్కా గుండీని చూసి, చూసి, నోట్లో పెట్టుకోబోయింది. ఆయన గుండీని అరచేత్తో మూసేశాడు.

అమ్మాయి వేళ్లతో మట్టి పెళ్లగించింది. గింజలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఉబ్బి, పగిలి, లోపల గోధుమరంగు ముద్ద. ఒక్కదానికీ వేరు పొడుచుకురాలేదు. మిగిలిన గింజలేవని అడిగింది. ఆయన డబ్బా చూపించాడు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, అమ్మాయి ఆయన వంక చూసింది.

"వీటిని వేయించావా?"

అప్పుడు చెప్పాడు. పురుగులు, పిండి, సంచి దాకా వెళ్లి ఆగిన చెయ్యి, వేడిపెట్టె, చివరిదాకా తిప్పిన మీట. "మందు వాడకూడదని, అమ్మా. ఒక్క చుక్క కూడా తగలనివ్వలేదు."

"వాసన రాలేదా నీకు?"

"నాకు వాసన ఎక్కడిదే? టైలరు బావ అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నా."

"అమ్మ ఏటా అరచేతిలో చెంచాడు నూనె వేసుకుని గింజలకి పట్టించేది. నూనె రాస్తే పురుగు గుడ్డు పెట్టదు. నిగనిగలాడుతుండేవి చూడలేదా?"

"గింజే అలా ఉంటుందనుకున్నా."

"ఈసారి తనకి ఓపిక లేకపోయుంటుంది." అమ్మాయి చేతులు దులుపుకోబోయి ఆగింది. "కన్నాలు పడ్డవేవి? అవి వేరే తీశావా?"

"చెత్తబండిలో వేశాను."

"నాన్నా! ఎప్పుడైనా పుచ్చు పడితే అమ్మ ముందు వాటినే వేసేది. పుచ్చిన గింజ ఆగదు, తొందరగా వేసెయ్యాలనేది. తెల్లగీత పక్కన కాస్త మిగిలితే చాలు, మొలుస్తుంది. అన్నీ కాకపోయినా కొన్ని."

ఆయన బాగున్నవాటిని వేయించి, మొలిచేవాటిని పారేశాడు. ముప్పై ఏళ్ల పనితనం పొల్లుపోకుండా చూపించాడు.

"ఇంకా ఆ గోడ ఉందా? ఎక్కడినుంచో కోసుకొచ్చామనేది అమ్మ" అంది అమ్మాయి.

"ఎప్పుడో పడగొట్టారు. అక్కడిప్పుడు మోటారు సామాన్ల గోడౌను. దాన్లోనూ ఎలుకలకి నేనే వెళ్తా." చెప్పి, పాప తల మీదుగా గోడ వైపు చూస్తూ అడిగాడు. "నా బట్టల వల్లేనంటావా, అమ్మా? ఆ డాక్టరు రాసుకున్నాడు చూడు…"

అమ్మాయి మట్టి అంటిన చేతుల్నే చూసుకుంది.

"తెలీదు నాన్నా. అవుననిపించిన రోజులున్నాయి. నీ మొహం చూడబుద్ధి కాలేదు. కాదేమో అనిపించిన రోజులూ ఉన్నాయి. నాకు నిజంగా తెలీదు."

ఆయన తలూపాడు. ఇన్ని నెలల్లో ఎవరూ ఆయనతో అంత నిజం మాట్లాడలేదు. పాప ఆయన బొటనవేలు దొరకబుచ్చుకుని లాగుతోంది. అమ్మాయి అది చూసింది. చూసి, పాపని తీసుకోలేదు.

డబ్బాలో పదమూడు గింజలున్నాయి. అమ్మాయి చెయ్యి కడుక్కొచ్చి, కాగితం చింపి, వాళ్లమ్మ కట్టినట్టే పొట్లం మడిచింది. అందులో ఏడు వేసుకుంది.

"మొలవవమ్మా అవి."

"తెలుసు. అయినా వేస్తా. నీకు ఆరుంచా." గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వంటింట్లోకొచ్చి, నూనె సీసా తీసి ఆయన అరచేతిలో చెంచాడు పోసింది. "ఇలా. మధ్యలో పెట్టి మెల్లగా తిప్పు. గట్టిగా నలపకు. అన్నివైపులా అంటాలి."

వాళ్లు వెళ్లిపోయాక ఆయన బాల్కనీలో ఆ పీట మీద కూర్చున్నాడు. ఆరు గింజలూ అరచేతుల మధ్య పెట్టుకుని, చెప్పినట్టే మెల్లగా తిప్పాడు. దుమ్ము పోయి, నల్లగా, నిగనిగలాడుతూ, ఆవిడ చేతిలోంచి అప్పుడే దిగినట్టు అయ్యాయి. పురుగు పట్టకుండా డబ్బాలో పోసి, మూత గట్టిగా బిగించాడు.